జర్మనీలో జాకెట్ కొనేటప్పుడు

చలికి వేసుకునే జాకెట్ జర్మనీ చేరాక కొనుక్కోవడమే మేలు, అక్కడి చలికి తగ్గవే దొరుకుతాయి. వింటర్‌యాకె అంటే చలికి, రేగెన్‌యాకె అంటే వానకి. మగవాళ్ల కోటు సైజు తేలిక: ఛాతీ కొలతలో సగం. 100 సెంటీమీటర్లయితే 50. వేసుకుని చూడాలంటే "కాన్ ఇష్ దాస్ ఆన్‌ప్రోబీరెన్?" అని అడగండి, ట్రయల్ రూమ్ చూపిస్తారు. రసీదు మాత్రం పారేయకండి. షాపులో కొన్నది బాగానే ఉండి, మీకు నచ్చకపోతే వెనక్కి తీసుకోవాలని చట్టం లేదు. చాలా షాపులు వాళ్లంతట వాళ్లే తీసుకుంటాయి, గడువెంతో ముందే కనుక్కోండి. ఆన్‌లైన్‌లో అయితే 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, శనివారమే వెళ్లండి.