చేప పిల్లలకి పైపు ముక్కల చాటు

కర్ణాటకలో దొడ్డబళ్ళాపుర పక్కన మా తోట కృషి హొండలో (నీళ్ళు నిలవ చేసుకునే పొలం కుంటలో) చేప పిల్లల్ని వదలడం ఆలస్యం, కొంగలూ నీటికాకులూ ఏరుకుని తినేస్తున్నాయి. మొదట కొబ్బరి మట్టలు వేశా, కుళ్ళి నీళ్ళు నల్లగా అయిపోయాయి, వద్దు. ఇల్లు కట్టగా మిగిలిన నాలుగంగుళాల పీవీసీ పైపుని రెండడుగుల ముక్కలు కోసి, హొండ అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు చిరక్కుండా అంచులు గరుకు కాగితంతో రుద్ది, ఆరారు ముక్కలు నైలాన్ తాడుతో కట్టకట్టి, కింద ఇసుక సంచి కట్టి మూడు చోట్ల దింపా. తాడు రెండో కొస మాత్రం గట్టు మీద గూటానికి కట్టుకోండి, పట్టుబడి రోజు ముందే బయటికి లాగెయ్యాలి, లేదంటే వల తగులుకుంటుంది. ఇప్పుడు కొంగ నీడ పడగానే బుడుంగున పైపుల్లోకి దూరిపోతున్నాయి. హొండలో కొరమీను ఉంటే మాత్రం ఇది పెట్టకండి, అదే అందులో కూర్చుని పిల్లల్ని మింగేస్తది.