గట్టిబడిన నేలలో జాయ్ గుంతలతో జొన్న సాగు

పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసో ఉత్తర ప్రాంతంలో, వాన నీరు ఇంకనంతగా పైపొర పెచ్చుకట్టిన నేలను తిరిగి సాగులోకి తెచ్చేందుకు రైతులు ‘జాయ్’ అనే గుంతలు తవ్వుతారు. ఈ పాత పద్ధతిని 1980లలో మెరుగుపరచి ఊరూరా నేర్పిన రైతు యాకుబా సవడోగో.

పని ఎండాకాలంలోనే మొదలుపెట్టాలి. 20 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గల గుంతలను సుమారు 80 సెంటీమీటర్ల ఎడంతో తవ్వి, ఆ మట్టిని పల్లం వైపు నెలవంక ఆకారంలో గట్టుగా పోస్తే, పైనుంచి పారే నీరు గుంతలోనే నిలుస్తుంది. ప్రతి గుంతలో ఒకటి రెండు దోసిళ్ల పశువుల ఎరువు వేయడం ఎంతమాత్రం మానకూడదు, ఎందుకంటే ఆ ఎరువు కోసం వచ్చే చెదపురుగులే నేలను గుల్లచేసి, నీరు లోతుకు ఇంకే దారులు ఏర్పరుస్తాయి. మన రైతులు చెదను శత్రువుగానే చూస్తారు గాని, ఇక్కడ దాని మేలు చాలా పెద్దది.

తొలి మంచి వాన పడగానే జొన్న లేదా సజ్జ విత్తాలి. నడుమ అలసందలు వేసుకుంటే ఇంటి తిండికి మాంసకృత్తులు కూడా సమకూరుతాయి.

హెక్టారుకు వందల గంటల శ్రమ పడుతుంది గనుక, మొదటి ఏడాది చిన్న మడితో ప్రారంభించడమే మేలని నా అభిప్రాయం.