వేల్స్ కొండలకు వెళ్లాలంటే: అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను బట్టి దారి ఎంచుకోండి

కార్డిఫ్‌కో న్యూపోర్ట్‌కో చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు కాస్త పరిచయం కాగానే అడిగేది, "అక్కా, ఈ శనివారం ఏ కొండకి వెళ్దాం?" అని. నేను ముందు అడిగేది "ఎవరెవరు వస్తున్నారు?" అని. చిన్నపిల్లలున్నారా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లున్నారా? గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో తెలిస్తే ఏ కొండ, ఏ దారి, ఎన్నింటికి బయల్దేరాలి అన్నవి వాటంతట అవే తేలిపోతాయి. ఆ తర్వాత వాతావరణం చూడాలి. కొండ పేరు ఆఖరున రావాలి. మనవాళ్లు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఫోటో చూసి కొండను ఎంచుకుంటారు, తర్వాత అందరినీ దానికి సరిపెట్టాలని చూస్తారు.

ఎంతసేపు పడుతుందో లెక్క వేయడం ఏమంత కష్టం కాదు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ అందరూ వాడతారు: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దక్షిణ వేల్స్‌లో అన్నిటికంటే ఎత్తైన పెన్ ఎ వాన్‌నే తీసుకోండి. దాని ఎత్తు 886 మీటర్లు. కానీ పోంట్ ఆర్ దావ్ కార్ పార్కింగే బాగా ఎత్తులో ఉంది కాబట్టి మనం ఎక్కేది దాదాపు 450 మీటర్లే. రానూపోనూ దూరం ఆరున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. నైస్మిత్ లెక్కలో ఇది సుమారు రెండు గంటలు. ఆ లెక్క ఆగకుండా నడిచే గట్టి మనిషిది. పిల్లలతో, పెద్దవాళ్లతో అయితే దానికి సగం కలపండి, తిండికీ ఫోటోలకీ ఇంకో అరగంట వేసుకోండి. మూడున్నర గంటలు చేతిలో ఉంటేనే బయల్దేరండి.

ఇంట్లోనే తేల్చుకోవలసినది ఇంకోటుంది, తిరుగు సమయం. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగింటికే సూర్యుడు దిగిపోతాడు, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. చలికాలంలో అయితే మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని బయల్దేరేముందే అందరికీ చెప్పేయండి. శిఖరం కనిపిస్తూ ఉంటే "ఇంకో పది నిమిషాలే" అనాలనిపిస్తుంది. ముందే అనుకున్న మాట అయితే అక్కడ వాదన ఉండదు, మొహమాటమూ ఉండదు.

వాతావరణం కోసం ఫోన్‌లో వచ్చే ఊరి సూచన చాలదు. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ కొండలకు వేరుగా సూచన ఇస్తుంది, పెన్ ఎ వాన్ ఉన్న బన్నై బ్రఖైనియోగ్‌కి ఒకటి, ఎర్ విద్వా ఉన్న ఎరారికి ఒకటి. ఈ పేర్లు కొత్తగా అనిపించవచ్చు. బ్రెకన్ బీకన్స్ నేషనల్ పార్క్ 2023లో తన పాత వెల్ష్ పేరు బన్నై బ్రఖైనియోగ్‌కే మారింది. స్నోడన్‌ని ఎర్ విద్వా అనీ, స్నోడోనియాని ఎరారి అనీ అక్కడి పార్కువాళ్లూ అంటున్నారు. బస్సు బోర్డుల మీద, కొత్త మ్యాపుల మీద ఈ పేర్లు కూడా కనిపిస్తాయి కనుక అలవాటు చేసుకోండి. ఆ సూచనలో నేను మొదట చూసేది గాలి, తర్వాతే వాన. సన్నటి వానలో నడవచ్చు. గంటకి 40 మైళ్ల ఈదురుగాలి ఉందంటే శిఖరాల మధ్య ఉండే అంచుదారుల జోలికి పిల్లలతో వెళ్లకండి. మూడోది మబ్బు ఎంత ఎత్తులో ఉందన్నది. పెన్ ఎ వాన్ ఉత్తరం వైపు నిలువుగా తెగిపోయి ఉంటుంది. మబ్బు కమ్మితే పది అడుగుల దూరం కూడా కనిపించదు. అలాంటి రోజు కొండ కింద చెరువు చుట్టూ నడిచి రండి.

పైన చలి ఎంతుంటుందో కూడా లెక్క కట్టవచ్చు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కార్డిఫ్‌లో 12 ఉంటే పెన్ ఎ వాన్ మీద ఆరు, గాలి వీస్తే ఒంటికి ఇంకా తక్కువగా తగులుతుంది. అందుకే జీన్స్ వద్దు, కాటన్ టీషర్టు వద్దు. కాటన్ చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆగి కూర్చోగానే వణుకు మొదలవుతుంది. ఒంటికి ఆటల షర్టు, దాని మీద ఫ్లీస్, అన్నిటిమీద వాన ఆగే జాకెట్. జులైలో ఎండ కాస్తున్నా ఆ జాకెట్, ఒక ఉన్ని టోపీ సంచిలో ఉండాల్సిందే. మా అత్తమ్మ వచ్చినప్పుడు చీర బదులు సల్వార్, లోపల థర్మల్స్ వేసుకోమని ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆవిడ ఇప్పుడు వచ్చేముందే ఫోన్ చేసి ఆ థర్మల్స్ బయటకి తీశావా అని అడుగుతారు. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలం అనుకుంటే బూట్ల మీద పెట్టండి. అడుగున పట్టు బాగా ఉండి చీలమండను పట్టి ఉంచేవి కావాలి. జారిపడటం ఎక్కువగా దిగేటప్పుడే, అదీ తడి రాళ్ల మీద.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకి పెన్ ఎ వాన్ ఎక్కే శక్తి ఉన్నట్టే. 3,550 మెట్లంటే చిన్న పని కాదు. కాకపోతే అలిపిరి దారిలో నెత్తిన నీడ ఉంటుంది, తాగడానికి నీళ్లుంటాయి, కూర్చోవడానికి చోటుంటుంది. ఇక్కడ కార్ పార్కింగ్ దాటాక అవేమీ ఉండవు, మరుగుదొడ్డి కూడా ఉండదు. మనిషికి లీటరు నీళ్లు, ఫ్లాస్కులో అల్లం టీ పెట్టుకోండి. తిండికి పులిహోరని మించింది నాకు కనబడలేదు. చల్లారినా బాగుంటుంది, చేతికి అంటుకోదు. చపాతీలో బంగాళదుంప కూర చుట్టి పెట్టుకున్నా సరే. పెరుగన్నం మాత్రం ఈ చలిలో తినలేరు. పిల్లల జేబుల్లో పల్లీపట్టీలు, నువ్వుండలు వేసి, అలిసిపోయామని ఏడవకముందే తినమనండి. అరటితొక్క, నారింజతొక్క కూడా తిరిగి తెచ్చేయాలి. ఆ చలిలో అవి నెలల తరబడి కుళ్లవు.

కారు లేనివాళ్లు కార్డిఫ్ నుంచి టీ4 బస్సు ఎక్కితే మెర్థర్ మీదుగా వచ్చి స్టోరీ ఆర్మ్స్ అనే స్టాపు దగ్గర దింపుతుంది. అక్కడి నుంచీ పెన్ ఎ వాన్‌కి దారి ఉంది. ఆదివారం బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందు రోజే రాసుకోండి. కారులో వెళ్లేవాళ్లు పొద్దున ఎనిమిదిలోపే చేరుకోండి. పార్కింగ్ నిండిందని ఏ470 రోడ్డు అంచున కారు వదిలేయకండి, అంబులెన్సు వెళ్లవలసిన రోడ్డది.

కొండ మీద గుంపును విడగొట్టకండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడిపించండి, గట్టివాళ్లు వెనక ఉండండి. ముందు నడిచినవాళ్లకి "నా వల్ల అందరూ ఆగుతున్నారు" అన్న టెన్షన్ ఉండదు. నేను దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం పెన్ ఎ వాన్ పక్కనే, కోర్న్ దీ శిఖరం కింద అంచు మీద ఉన్న రాతి స్తంభం. 1900 ఆగస్టులో టామీ జోన్స్ అనే ఐదేళ్ల పిల్లాడు తండ్రితో కలిసి లోయలోని తాతగారి పొలానికి వస్తూ, పెద్దవాడైన బంధువుల అబ్బాయితో ముందు బయల్దేరాడు. సగం దారిలో నాన్న కావాలని ఏడ్చి ఒక్కడే వెనక్కి తిరిగాడు. తండ్రి ఉన్న చోటు ఎంతో దూరం లేదు. అయినా చేరలేదు. ఎన్నో రోజులు వెతికితే 29 రోజులకు ఆ స్తంభం ఉన్న ఎత్తున దొరికాడు, ప్రాణం లేదు. నేను పిల్లల్ని ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టే ఈ సంగతి చెబుతాను. ఆ తర్వాత ఏ పిల్లా చెయ్యి వదిలి పరుగెత్తదు.

ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకండి. బ్రిటన్ మ్యాపుల సంస్థ ఓఎస్ (ఆర్డ్నెన్స్ సర్వే) కాగితం మ్యాపు కొనండి, పెన్ ఎ వాన్‌కి ఓఎల్12 నంబరుది. దాంట్లో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఎత్తు గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయంటే అక్కడ నిటారు. ఎవరికైనా దెబ్బ తగిలితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అడగండి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అడగండి. వచ్చేవాళ్లందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, డబ్బు తీసుకోరు. మాట వినబడని చోట మెసేజ్ పంపాలంటే ముందుగానే 999కి ఇంగ్లిష్‌లో రిజిస్టర్ అని మెసేజ్ పెట్టి నమోదు చేసుకోవాలి. ఇప్పుడే, ఇది చదువుతూనే చేసేయండి. ఈల ఒకటి సంచికి కట్టుకోండి: నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. అది సాయం కావాలన్న గుర్తు.

దారిలో గేట్లుంటాయి. మీరు వచ్చేసరికి ఎలా ఉందో అలాగే వదిలి వెళ్లండి, మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. గొర్రెలను ఒక పొలం నుంచి ఇంకో పొలానికి మార్చడం రైతు పని, మనం మధ్యలో చెయ్యి పెట్టకూడదు. మార్చి నుంచి మే దాకా గొర్రెలు ఈనే కాలం, పిల్లలు గొర్రెపిల్లల వెంట పరుగెత్తితే తల్లులు బెదిరిపోతాయి. ఎండాకాలం పొదల్లో నడిచి వస్తే ఇంటికి రాగానే కాళ్లు, మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులున్నాయేమో చూసుకోండి. కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. తర్వాత ఎర్రటి మచ్చ పెద్దదవుతూ ఉంటే డాక్టర్‌కి చూపించండి.

మొదటిసారి నడిచేవాళ్లని నేను పెన్ ఎ వాన్‌కి తీసుకెళ్లను. కార్డిఫ్ నుంచి రైల్లో టాఫ్స్ వెల్ దిగి గార్త్ ఎక్కిస్తాను. 307 మీటర్లే, పైన కంచుయుగం నాటి సమాధి దిబ్బలు, ఒక వైపు కార్డిఫ్, దాని వెనక సముద్రం. అది హాయిగా ఎక్కి దిగినవాళ్లకి తర్వాత అబర్‌గవెనీ పైనున్న షుగర్ లోఫ్, 596 మీటర్లు. ఎర్ విద్వా 1,085 మీటర్లు, తేలికైన లాన్‌బెరిస్ దారిలోనూ రానూపోనూ 14 కిలోమీటర్లు దాటుతుంది. దానికి వేసవి కోసం ఆగండి.

ఇక సైకిల్. ఉద్యోగస్తులు కొత్తది కొనేముందు ఆఫీసులో సైకిల్ టు వర్క్ పథకం ఉందేమో అడగండి. పన్ను పడకముందే జీతంలోంచి నెలనెలా కోత పడుతుంది కనుక కలిసొస్తుంది. విద్యార్థులకి పాతదే చాలు, బ్రేకులు, చక్రం వంకర చూసుకుని తీసుకోండి. సీటు ఎత్తు సరిచేయడం చాలామంది పట్టించుకోరు, మోకాళ్ల నొప్పి అక్కడే మొదలవుతుంది. సీటు మీద కూర్చుని మడమను కింద పెడలు మీద పెడితే కాలు తిన్నగా సాగాలి, అదే సరైన ఎత్తు. బయల్దేరేముందు టైర్లలో గాలి, బ్రేకులు, చైను చూసుకోండి. స్పేర్ ట్యూబు, టైరు విప్పే పుల్లలు, చిన్న పంపు సంచిలో ఉండాలి. ఎత్తు వచ్చాక గేరు మార్చబోతే చైను మొరాయిస్తుంది, ముందే తేలిక గేరులోకి రండి. హెల్మెట్ చట్టం అడగదు, నేను అడుగుతాను. చీకట్లో ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం మాత్రం చట్టమే.

సైకిల్ ఎక్కడ తొక్కవచ్చో దారి బాణాలు చెబుతాయి. పసుపు బాణం నడకదారి, అందులో తొక్కకూడదు. నీలం బాణం గుర్రాల దారి, అందులో తొక్కవచ్చు, కానీ నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి. గుర్రం కనబడితే బాగా ముందే మాట్లాడి, నెమ్మదించి, వెడల్పుగా పక్కకి జరగండి.

మొదటి ప్రయాణానికి కార్డిఫ్ బే చుట్టూ ఉన్న పది కిలోమీటర్ల దారి బాగుంటుంది. అంతా చదును, బరాజ్ మీదుగా, 2010లో కట్టిన పోంట్ ఎ వెరిన్ వంతెన మీదుగా సాగుతుంది. అది అలవాటయ్యాక టాఫ్ ట్రెయిల్. కార్డిఫ్ నుంచి బ్రెకన్ దాకా 88 కిలోమీటర్లు, ఒక్క రోజులో అంతా పూర్తి చేయాల్సిన పని లేదు. నది వెంట కాస్టెల్ కోఖ్ కోట దాకా వెళ్లండి, ఓపికుంటే పోంటిప్రీద్ దాకా తొక్కి, సైకిల్‌ని రైల్లో వేసుకుని కార్డిఫ్ వచ్చేయండి. ఏ రైల్లో సైకిల్‌కి చోటుందో ముందు రోజే చూసుకోండి. ఆకులు రాలే కాలంలో చెట్ల కింద మలుపులు సబ్బు రాసినట్టు జారతాయి, అక్కడ బ్రేకు గట్టిగా నొక్కకండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేను ఇష్టంగా తీసుకెళ్లేది ఎలాన్ లోయకి. రేయడర్ దగ్గర మొదలయ్యే సైకిల్ దారి ఒకప్పటి రైలు దారి, ఆనకట్టలు కట్టేటప్పుడు సామాను మోయడానికి వేసింది. ఆ ఆనకట్టలు 1904లో ప్రారంభోత్సవం జరుపుకున్నాయి, అక్కడి నీళ్లు పంపు సాయం లేకుండా వాలు మీదనే 118 కిలోమీటర్లు పారి బర్మింగ్‌హామ్ చేరతాయి. నాగార్జునసాగర్ చూసి పెరిగిన మా నాన్నగారు ఆ రాతి గోడ ముందు చాలాసేపు నిలబడిపోయారు. తల పైకెత్తితే తోక చీలిన ఎర్ర గద్దలు తిరుగుతుంటాయి. బ్రిటన్‌లో మిగతా అన్నిచోట్లా అంతరించిపోయిన రోజుల్లో ఇవి మధ్య వేల్స్‌లో మాత్రమే కొన్ని జంటలు మిగిలాయి.

రెండు రోజుల సెలవు దొరికితే ఉత్తరానికి, మౌదఖ్ ట్రెయిల్‌కి వెళ్లండి. డోల్గెల్లై నుంచి బార్మత్ దాకా సుమారు 15 కిలోమీటర్లు, 1965లో మూసేసిన రైలు దారి మీద, నది పక్కనే, కార్లు రావు. ఆఖరున 1867 నాటి చెక్క రైలువంతెన. దాని అంచున నడవడానికీ సైకిల్‌కీ దారి ఉంది, పక్కనే రైలు వెళ్తుంది. వంతెన మీద సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది కాబట్టి పిల్లలను సైకిల్ దిగి నడవమనండి. అవతల బార్మత్‌లో చిప్స్ తిని వెనక్కి తొక్కలేకపోతే వంతెన ఇవతలి మోర్వా మౌదఖ్ స్టేషన్‌లో గానీ బార్మత్‌లో గానీ రైలు ఎక్కవచ్చు. ఆ లైనులో రైళ్లు చాలా తక్కువ, సైకిళ్లకి చోటూ తక్కువ, అందుకని టైము చూసుకుని, చోటు దొరుకుతుందని తేలాకే టికెట్ తీసుకోండి.