పెరట్లో గూబలు – 3వ పాఠం: ముందు నేల చూడండి

కిందటి పాఠంలో ఒక పని చెప్పాను. వారం రోజులు పొద్దుగూకే వేళ పెరట్లో కదలకుండా కూర్చుని, గూబ ఎన్ని గంటలకు, ఏ వైపు నుంచి వస్తోందో రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అది దాదాపు రోజూ ఒకే వైపు నుంచి వస్తోందని. ఈసారి పగటిపూట ఆ వైపున్న చెట్టు దగ్గరికి వెళ్దాం. పైకి చూడాలని మనసు లాగుతుంది, కానీ ముందు నేల చూడండి.

ఆకుల మీద, గోడ మీద సున్నం చిలికినట్టు తెల్లటి మరకలుంటే అది రెట్ట. కాకులూ కొంగలూ వాలే చెట్ల కిందా ఇలాగే ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి తేల్చేయకండి. ఆ మరకల చుట్టుపక్కల ఉండలున్నాయేమో వెతకండి. గూబకు పళ్లు లేవు. చిన్న ఎలుకనైతే నోట్లో పెట్టుకుని అలాగే మింగేస్తుంది. మాంసం అరిగిపోతుంది. అరగని బొచ్చు, ఎముకలు కడుపులో ఉండ చుట్టుకుని, కొన్ని గంటల తర్వాత నోట్లోంచే బయటికి వస్తాయి. పిల్లి పెంట అనుకుని నేను చాలాకాలం వీటిని ఊడ్చి పారేశాను. పిల్లి పెంట కంపు కొడుతుంది, ఎండిన ఉండకు వాసన ఉండదు.

ఉండను చూస్తే వచ్చింది ఎవరో తెలుస్తుంది. పైడికంటి అనే చుక్కల చిన్న గూబ జానెడు పిట్ట. పసుపు కళ్లు, తెల్ల కనుబొమలు. దాని ఉండ చిన్నది, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది, లోపల ఎక్కువగా పురుగుల పెంకులే. హృదయం ఆకారంలో తెల్లటి ముఖం, నల్లటి కళ్లు ఉండే పెద్ద గూబను మన ఊళ్లలో చావుపిట్ట అంటారు. దాని ఉండ బొటనవేలంత ఉంటుంది. అప్పుడే పడితే నల్లగా నిగనిగలాడుతుంది, ఎండితే బూడిద రంగుకు తిరుగుతుంది.

ఇప్పుడు విప్పుదాం. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వంటకు వాడని పాత గిన్నెలో ఉండ వేసి, మరిగే నీళ్లు పోసి అరగంట వదిలేయండి. నీళ్లు చల్లారాక రెండు అగ్గిపుల్లలతో బొచ్చును నెమ్మదిగా విడదీయండి. తొందరపడితే పుర్రె విరిగిపోతుంది, అసలు వెతుకుతున్నది దాన్నే. ముందు పెద్ద కోరపళ్లలా వంపు తిరిగిన పళ్లు, వాటి వెనక ఖాళీ, ఆ తర్వాత దవడ పళ్లు ఉంటే ఎలుక. ఖాళీ లేకుండా సన్నటి మొనల పళ్లు వరసగా ఉంటే చుంచు. బొచ్చులోంచి బయటపడిన ఈ చిన్న ఎముకల్ని ఆరబెట్టి కాగితం మీద పేర్చి చూస్తే ఆ రాత్రి గూబ ఏం తిన్నదో మీ కళ్ల ముందు ఉంటుంది. ఒకసారి నాకు ఒక్క ఉండలో మూడు ఎలుక పుర్రెలు దొరికాయి.

గూబ వాలితే ఇంటికి అరిష్టమనీ, లోపలికి దూరితే ఇల్లు పాడుపెట్టాలనీ మా పక్కింటి పిన్నిగారు గట్టిగా నమ్మేవారు. వాదించలేదు. ఆ మూడు పుర్రెలూ కాగితం మీద పెట్టి చూపించాను. ధాన్యం మూటలు ఎవరు కాస్తున్నారో ఆవిడకే అర్థమైంది. దయచేసి ఇంట్లో ఎలుకల మందు పెట్టకండి. మందు తిన్న ఎలుకను తింటే గూబ కూడా చనిపోవచ్చు. బోను పెట్టండి.

ఇక తల ఎత్తవచ్చు. గూబ కనబడితే రెండు నిమిషాలు చూసి వచ్చేయండి. అది తల పైకీ కిందికీ ఊపుతోందంటే మిమ్మల్ని గమనిస్తోందని అర్థం, అప్పుడు ఇంకో అడుగు ముందుకు వేయకండి. టార్చి వేయొద్దు, ఫ్లాష్‌తో ఫొటో వద్దు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా పైడికంటి గుడ్లు పెట్టే కాలం, తొర్రకు ఇంకా దూరంగా ఉండండి.

ఈ వారం నోట్‌బుక్‌లో తేదీ, చెట్టు, దొరికిన ఉండల సంఖ్య, ఒక్కో దాంట్లో ఏమున్నాయో రాయండి. వచ్చే పాఠంలో అరుపులు.