ఆషాఢపు గాలికి ముందు కళ్లద్దాల విషయంలో జాగ్రత్తలు

అనంతపురం ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఆగకుండా వీస్తుంది. వాన పడని రోజున, దున్ని పెట్టిన ఎర్రనేలల దుమ్మంతా బైకు మీద వెళ్లేవారి ముఖానికే కొడుతుంది. అయితే అద్దాల మీద గీతలు పడేది ఎక్కువగా ఆ గాలి వల్ల కాదు. ఇంటికి రాగానే చీర కొంగుతోనో చొక్కా అంచుతోనో పొడిగా తుడిచేయడం వల్ల. ఎర్రమట్టిలో కలిసి ఉండే సన్నని ఇసుక రేణువు గాజు కంటే గట్టిది, నేడు చాలామంది వాడుతున్న ప్లాస్టిక్ అద్దాలు గాజు కంటే మెత్తనివి. కాబట్టి తుడిచిన ప్రతిసారీ వెంట్రుకంత గీతలు పడి, రాత్రివేళ ఎదురుగా వచ్చే లారీ దీపాల వెలుగు వాటి మీద చెదిరి దారి కనిపించకుండా చేస్తుంది.

అందుచేత మొదట నీళ్లు, ఆ తర్వాతే గుడ్డ. కుళాయి సన్నని ధార కింద పట్టి దుమ్ము జారిపోనిచ్చి, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేలికి రాసుకుని, అద్దానికి రెండు వైపులా, ముక్కుపట్టీల దగ్గర, ఫ్రేము గాడిలో మెల్లగా రుద్ది కడగాలి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కనుక అద్దాలను వాటంతట అవే ఆరనిస్తే తెల్ల మచ్చలు కడతాయి. చివరిసారి క్యాను నీళ్లతో కడిగి, వెంటనే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో అద్దడం మంచిది. వేడినీళ్లు, శానిటైజర్, కిటికీ అద్దాలు తుడిచే ద్రవం వద్దు. గీతలు పోతాయని కొందరు టూత్‌పేస్టు రుద్దుతారు, దానితో పైపూత కూడా పోతుంది.

తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలలో పనిచేసేవారికి మరింత జాగ్రత్త అవసరం. అద్దం మీద ఎండి గట్టిపడిన రాతిపిండిని గోటితో గీకకుండా కొంతసేపు నీళ్లలో నాననివ్వాలి. చూపు కోసం పెట్టుకునే అద్దాలు రాతి పెళ్లల నుంచి కంటిని కాపాడలేవు. పక్కలు మూసి ఉండే రక్షణ కళ్లద్దాలు వేరే ఉండాలి.

ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద, స్కూటర్ డిక్కీలో అద్దాలు పెట్టకూడదు. వేడికి పైపూత పగుళ్లిస్తుంది. గట్టి పెట్టెలోనే, అద్దాలు పైకి ఉండేలా పెట్టాలి. ఆ పెట్టెలో చేరిన ఇసుకను కూడా వారానికొకసారి దులపాలి.