డెబియన్ వేస్తే వైఫై పోతోందా? ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్ సంగతి ముందే ఇలా చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, విండోస్ బదులు డెబియన్ అనే ఉచిత లినక్స్ వేసుకుంటున్నారంటే నాకు సంతోషమే. బాధ ఎక్కడంటే, మర్నాడే ‘వైఫై కనపడట్లేదు అన్నయ్యా, మళ్లీ విండోస్ వేసేయండి’ అంటూ వచ్చేస్తారు. వైఫై చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం పేరే ఫర్మ్‌వేర్. చాలా కంపెనీలు దాని సోర్సు కోడ్ బయటపెట్టవు. అది లేకపోతే చిప్ పలకదు, అంతే.

ముందు ఇమేజ్, అంటే పెన్‌డ్రైవ్‌లోకి రాసుకునే ఇన్‌స్టాలర్ ఫైల్, దించుకోండి. డెబియన్ 12 గానీ 13 గానీ, అంతకంటే పాతది వద్దు. 11 వరకు అధికారిక ఇమేజ్‌లో ఇలాంటి ఫర్మ్‌వేర్ ఉండేది కాదు, విడిగా అనధికారిక ఇమేజ్ వెతుక్కోవాల్సి వచ్చేది. 2022లో డెబియన్ డెవలపర్లు ఓటింగ్ పెట్టుకుని నియమం మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇమేజ్‌లోనే ఉంటోంది. పాత వీడియోలు చూసి ఇంకా 11 వేసుకుంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంట్లో ఫైబర్ ఉంటే నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్ చాలు; అది చిన్నది, మిగతాది ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెట్ నుంచి దించుకుంటుంది. మందస, మెళియాపుట్టి వైపు ఫోన్ సిగ్నల్‌తో నెట్టుకొచ్చేవాళ్లు శ్రీకాకుళం వచ్చినప్పుడు డీవీడీ ఇమేజ్ దించుకుని పట్టుకెళ్లండి. పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే విండోస్ ప్రోగ్రాంతో రాయండి, మోడ్ అడిగితే డీడీ అనే చెప్పండి.

ఇక అసలు పని. ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండగానే డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై చిప్ పేరు కాగితం మీద రాసుకోండి. ఎక్కువమంది చేయనిదే ఇది. ఇంటెల్, రియల్‌టెక్ అయితే చాలావరకు టెన్షన్ లేదు: ఇన్‌స్టాలర్ తనే చిప్‌ను గుర్తించి, సరిపడే ఫర్మ్‌వేర్ వేస్తుంది. పాత అథెరోస్ కార్డుల్లో ఏథ్9కే డ్రైవర్‌తో (చిప్‌ను నడిపించడానికి మన కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాం) నడిచే మామూలు కార్డులకైతే ఫర్మ్‌వేరే అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ కొంటే నేను ముందు వెతికేది ఆ కార్డునే.

బ్రాడ్‌కామ్ అని ఉంటే మాత్రం ఆగండి. ‘12లో ఫర్మ్‌వేర్ ఉందన్నారుగా’ అనుకుని ముందుకెళ్తే వైఫై రాకపోవచ్చు. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను పంచిపెట్టడానికి కంపెనీ అనుమతి లేదు, అందుకే అది ఇమేజ్‌లో పెట్టలేదు. డెబియన్ ప్యాకేజీల్లో కాంట్రిబ్ అనే అదనపు విభాగంలోని ఒక ప్యాకేజీ దాన్ని నెట్ నుంచి దించి వేస్తుంది. ఇంకొన్నింటికి, ముఖ్యంగా బీసీఎం43142కి, మూసి ఉన్నది ఫర్మ్‌వేర్ కాదు, డ్రైవరే. ఫర్మ్‌వేర్ చిప్‌లో నడుస్తుంది. ఆ డ్రైవర్ మన కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో, మన ప్రాసెసర్ మీద నడుస్తుంది. నియమం మారింది ఫర్మ్‌వేర్‌కే గానీ ఇలాంటి డ్రైవర్లకు కాదు, కాబట్టి అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కానివాటిని పెట్టే నాన్‌ఫ్రీ విభాగంలోనే ఉండిపోయింది.

అలాంటి చిప్ ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం) ఆన్ చేసి ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత, బీసీఎం43142 లాంటిదైతే, సోర్సెస్ ఫైల్‌లో (ప్యాకేజీలు ఎక్కడి నుంచి దించాలో రాసి ఉండే ఫైల్) నాన్‌ఫ్రీ విభాగం కలిపి, ముందు కెర్నల్ హెడర్స్, ఆ పైన బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ డీకేఎంఎస్ (broadcom-sta-dkms) ప్యాకేజీ వేయండి. ఈ ప్యాకేజీ డ్రైవర్‌ను మన కెర్నల్‌కు సరిపడేలా మన కంప్యూటర్లోనే తయారు చేస్తుంది, హెడర్లు లేకపోతే అది తయారు కాదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ముందే ఆపేయండి. లేకపోతే నమ్మదగ్గ డిజిటల్ సంతకం లేని ఆ డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు, మీరేమో గంటల తరబడి ప్యాకేజీని తిట్టుకుంటూ కూర్చుంటారు. ఇదంతా కుదరదనుకుంటే కార్డే మార్చేయండి. అయితే కొన్ని కంపెనీల బయోస్ వేరే కార్డును ఒప్పుకోదు, కొనేముందు మీ మోడల్‌కు ఆ సంగతి కనుక్కోండి.

మూసి ఉన్న ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లో ఉండకూడదనే మిత్రులంటే నాకు గౌరవం ఉంది. కానీ అదే ఫర్మ్‌వేర్ చిప్‌లోని రామ్‌లోకి మనం ఎక్కించేలా కాకుండా, ఫ్యాక్టరీలోనే రోమ్‌లో నింపేసి ఉంటే ఎవరూ అడగరు. మొదటి రోజే నెట్ లేక విండోస్‌కు తిరిగెళ్లిపోయిన కుర్రాడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి ఇంకెప్పుడు నేర్చుకుంటాడు? వద్దనుకునేవాళ్లు ఇన్‌స్టాలర్ మొదలయ్యే ముందు దాని బూట్ లైన్ (ఇన్‌స్టాలర్‌ను మొదలుపెట్టే ఆదేశం) చివర ‘ఫర్మ్‌వేర్ ఈక్వల్ టు నెవర్’ (firmware=never) అని ఇంగ్లిష్‌లో రాస్తే ఇన్‌స్టాలర్ దాని జోలికి పోదు.

11 నుంచి 12కి అప్‌గ్రేడ్ చేసినవాళ్లు సోర్సెస్ ఫైల్ తప్పక చూడండి. ఫర్మ్‌వేర్ ఇప్పుడు నాన్‌ఫ్రీలో లేదు, ‘నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్’ అనే కొత్త విభాగానికి మారింది. ఆ పేరు చేర్చకపోయినా వైఫై పాత ఫైల్‌తో నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రాసెసర్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే ఫర్మ్‌వేర్) కూడా అక్కడికే వెళ్లింది, దాని భద్రతా అప్‌డేట్లు మాత్రం ఆగిపోతాయి.

చివరగా, ఇన్‌స్టాల్ అయ్యాక, డీమెసేజ్ (dmesg) కమాండ్‌తో కెర్నల్ లాగ్‌లో ఫర్మ్‌వేర్ అన్న పదం వెతకండి. ఇంటెల్ చిప్‌లకు ‘ఫెయిల్డ్’ అని వరుసగా కొన్ని లైన్లు కనిపించవచ్చు. కంగారు పడకండి, డ్రైవర్ ఫర్మ్‌వేర్ కొత్త వెర్షన్ నుంచి ఒక్కొక్కటే వెతుక్కుంటూ కిందికి వస్తుంది. ఆఖర్న ఒక వెర్షన్ లోడ్ అయినట్టు ఉంటే పని అయిపోయినట్టే.