విండోస్‌లో మాత్రమే ఫెయిలయ్యే నంబర్ టెస్టును సరిచేయడం ఎలా

పోయిన వారం రుషికొండ ఆఫీసులో మా టీమ్ కుర్రాడు టెన్షన్ పడుతూ పిలిచాడు. "అన్నా, సర్వర్‌లో టెస్ట్ పాసవుతోంది, నా ల్యాప్‌టాప్‌లో మాత్రం మొత్తం మైనస్‌లో వస్తోంది." మాది పోర్టుకొచ్చే ఓడల సరుకును కిలోల్లో కూడే చిన్న పైథాన్ లైబ్రరీ. ఆ టెస్టులో 72 ఓడలు, ఒక్కోదాంట్లో 30 వేల టన్నులు, అంటే మూడు కోట్ల కిలోలు. 216 కోట్లు రావాల్సిన చోట -2134967296 వచ్చింది.

ఇలాంటి మైనస్ కనబడితే ముందు దానికి 4294967296, అంటే 2 పవర్ 32 కలిపి చూడండి. సరిగ్గా 2160000000 వచ్చిందా, ఇక అనుమానం అక్కర్లేదు, అది ఓవర్‌ఫ్లోనే. మైనస్‌లు కూడా పట్టే 32 బిట్ల ఇంటీజర్‌లో అతి పెద్ద సంఖ్య 2147483647, అది దాటితే మేం లెక్కలకు వాడే నంపై అనే పైథాన్ లైబ్రరీ అర్రేలో (సంఖ్యల వరుసలో) ఎర్రర్ కూడా రాదు, లెక్క చప్పుడు లేకుండా మైనస్‌లోకి తిరిగిపోతుంది.

మరి సర్వర్‌లో ఎందుకు రాలేదంటే, టైపు చెప్పకుండా అర్రే చేస్తే 64 బిట్ల లైనక్స్‌లో నంపై ఇంట్64 (64 బిట్ల ఇంటీజర్) తీసుకుంటుంది, విండోస్‌లో 2024లో నంపై 2.0 వచ్చేదాకా ఇంట్32 తీసుకునేది. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది 1.26. కాబట్టి ఫెయిలైన మెషీన్‌లో అర్రే డీటైప్ (అందులోని సంఖ్యల టైపు), నంపై వెర్షన్ రెండూ ప్రింట్ చేసి చూశాకే కోడ్ ముట్టుకోండి.

విండోస్‌లో టెస్టును స్కిప్ చేయడం మాత్రం వద్దండీ, అక్కడ టెస్ట్ నిజమే చెబుతోంది, తప్పు లైబ్రరీలో ఉంది. మొత్తం కూడే సమ్ ఫంక్షన్‌ను పిలిచే చోట డీటైప్ ఇంట్64 అని రాస్తే చాలు, మేం మార్చింది ఆ ఒక్క లైనే.

తర్వాత టెస్టును గట్టిపరచండి. 2147483647కి 1 కలిపే కేసు ఒకటి పెట్టండి. ఫలితం డీటైప్‌ను విడిగా చెక్ చేయండి, ఎందుకంటే విలువలు సమానమైతే ఇంట్32 అయినా ఇంట్64 అయినా నంపై టెస్టు ఫంక్షన్ అసర్ట్ ఈక్వల్ ఒప్పేసుకుంటుంది.

దశాంశాలుంటే ఈక్వల్ వాడకండి, 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 చూపిస్తుంది. కొద్ది తేడాను ఒప్పుకునే అసర్ట్ ఆల్‌క్లోజ్ వాడండి, కానీ సున్నాతో పోల్చేటప్పుడు ఏటాల్ (ఎంత తేడా దాకా ఒప్పుకోవాలో చెప్పే విలువ) మీరే ఇవ్వాలి, దాని డిఫాల్ట్ 0 కాబట్టి ఎంత చిన్న తేడా ఉన్నా ఫెయిలవుతుంది. మాకు దీని దగ్గరే ఇంకో అరపూట పట్టింది.

ఇప్పుడు సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచే చోట) విండోస్ మీద నంపై 1.26తో ఒకసారి, 2తో ఒకసారి రన్ పెట్టాం.